'బాగుంది' అన్న మాట వాడకుండా నెల రోజుల చదువు మీద అభిప్రాయం రాయడం ఎలా

నెలాఖరుకి ఐదారు పుస్తకాలు పూర్తి చేసి వాటి గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే చేతికి వచ్చే మొదటి మాట 'బాగుంది', రెండోది 'పర్లేదు', మూడోది 'నాకెక్కలేదు'. ఈ మూడు మాటలతో ఎన్ని పుస్తకాలనైనా చుట్టేయొచ్చు, కానీ ఆర్నెల్లు పోయాక ఆ నోటుబుక్ తీసి చూస్తే అసలు ఆ పుస్తకంలో మనకేం నచ్చిందో మనకే గుర్తు రాదు. నేను చాలా ఏళ్ళు అలాగే రాసుకున్నా. ఇప్పుడు ఆ పాత నోటుబుక్కులు తిరగేస్తే పేర్లూ తేదీలూ తప్ప ఇంకేం దొరకట్లేదు, అంత ఇష్టపడి చదివినవాటి మీద నా మాట ఒక్కటి కూడా మిగల్లేదే అని నిజంగా బాధేస్తుంది. అందుకే పద్ధతి మార్చుకున్నా, అదే ఇక్కడ చెప్తున్నా, ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకోండి.

ముందు నెలలో ఏం పెట్టుకోవాలో చూద్దాం. రోజుకి 40 పేజీలు చదవగలిగితే నెలకి 1200 పేజీలు. అందులో 400 పేజీల పెద్ద నవల ఒకటి, 250 పేజీల ఆత్మకథ ఒకటి, 200 పేజీల కథల సంపుటి, 150 పేజీల డిటెక్టివ్, 120 పేజీల సైన్స్ పుస్తకం, 80 పేజీల కవిత్వం, అంతే, లెక్క సరిపోయింది. రోజుకి 20 పేజీలే కుదిరితే ఇందులో సగం తీసేయండి, కానీ తీసేటప్పుడు మాత్రం రకాలు తగ్గకుండా చూసుకోండి, అంటే పెద్ద నవలని పక్కన పెట్టి చిన్నవి ఉంచుకోండి. ఎందుకంటే వరసగా నాలుగు నవలలు చదివితే నాలుగో దాని మీద మన అభిప్రాయం నిజానికి మొదటి మూడింటితో పోలికే అవుతుంది, అదే నవల తర్వాత కవిత్వం, కవిత్వం తర్వాత ఆత్మకథ పడితే ప్రతిదాన్నీ దాని లెక్కలోనే చూడాల్సి వస్తుంది. ఆత్మకథలు మాత్రం రెండు పక్కపక్కన పెట్టకండి, ఒకరి బాల్యం ఇంకొకరి బాల్యంలో కలిసిపోతుంది, నాకు ఇది రెండు మూడుసార్లు జరిగింది.

ఇక అసలు పద్ధతి. ప్రతి పుస్తకానికీ రెండు నోట్లు రాయాలి. నేను వాటిని వేడి నోటు, చల్ల నోటు అనుకుంటా. వేడి నోటు ఆఖరి పేజీ మూసిన గంటలోపు రాసేది, అందులో వాక్యాలు సరిగ్గా ఉండక్కర్లేదు, కోపం వస్తే కోపం, ఏడుపొస్తే ఏడుపు, ఏ పేజీలో ఆగిపోయి పైకప్పు చూస్తూ కూర్చున్నానో ఆ నంబరు. చల్ల నోటు సరిగ్గా వారం తర్వాత, పుస్తకం తెరవకుండా, మొదటి నోటు కూడా చూడకుండా రాసేది. అప్పటికి ఏం గుర్తుందో అదే రాయాలి. పాత్ర పేరు మర్చిపోయి ఆమె చేసిన పని గుర్తుంటే అలాగే రాయండి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ నాకు నా అభిప్రాయం ఏంటో తెలీదు, ఎందుకంటే కొన్ని పుస్తకాలు చదువుతున్నంతసేపూ ఉర్రూతలూగించి వారానికల్లా ఆవిరైపోతాయి, కొన్నేమో చదివేటప్పుడు విసిగించి ఆ తర్వాత మాత్రం రోజూ గుర్తొస్తూ ఉంటాయి, ఈ రెండు రకాలకీ ఒకే రోజు కూర్చుని రాస్తే రెండూ తప్పే రాస్తాం.

వేడి నోటు పైన ఎప్పుడూ రాయాల్సినవి కొన్ని ఉన్నాయి, ఏ ఎడిషన్, ఏ సంవత్సరం ప్రింట్, అనువాదమైతే ఎవరు చేశారు, పూర్తి అనువాదమా కుదించిందా, ఎన్ని రోజుల్లో చదివాను, ఎక్కువ భాగం ఏ టైంలో చదివాను. ఇవన్నీ చాదస్తం అనిపించొచ్చు. నాకు ఎందుకు పట్టుకుందో చెప్తా. ఒకసారి ఒక నవల చదివి, రచయితకి కథ నడపడం రాదు, మధ్యలో దూకేస్తాడు, ఒక ముఖ్యమైన మనిషి చావుని కూడా చూపించకుండా తర్వాత నలుగురి మాటల్లో చెప్పిస్తాడు అని గట్టిగా రాశా, నలుగురికీ చెప్పా కూడా. ఏడాది తర్వాత ఇంకో కాపీ చేతికొచ్చి ఊరికే తిరగేస్తుంటే నేను చూడని పేజీలు కనిపించాయి. నా కాపీ తీసి చూస్తే 112వ పేజీ తర్వాత 129 ఉంది. బైండింగ్‌లో ఒక ఫారం మొత్తం, పదహారు పేజీలు, జారిపోయింది. ఆ చావు ఆ పదహారు పేజీల్లోనే ఉంది, నేను ఆ నవలలో చదివిన అన్ని పేజీల కన్నా అవే గొప్పగా ఉన్నాయి. అప్పట్నుంచీ కొత్త పుస్తకం తీయగానే ముందు పేజీ నంబర్లు ఒకసారి చకచకా చూసుకుంటా, కథ ఉన్నట్టుండి దూకినట్టు అనిపిస్తే రచయితని అనే ముందు నంబరు చూస్తా. మీరూ చూడండి, రెండు నిమిషాల పని.

అనువాదాల దగ్గర ఇదే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అలెక్స్ హేలీ 1976లో రాసిన రూట్స్‌ని సహవాసి ఏడు తరాలు పేరుతో తెలుగు చేశారు, తెలుగులో ఎంతమంది చదివారో చెప్పక్కర్లేదు. కానీ ఇంగ్లీష్ మూలం 600 పేజీలు దాటిన పుస్తకం, తెలుగుది దాన్ని బాగా కుదించి చెప్పింది. తెలుగులో చదివి "కథ ఎంత పరుగెత్తిందో" అని రాస్తే ఆ మెచ్చుకోలు హేలీకి కాదు, సహవాసికి చెందాలి. అలాగే ఏదైనా అనువాదంలో వాక్యం గరుగ్గా తగిలితే అది మూలంలోనే గరుగ్గా ఉందా అనువాదంలో అయిందా అన్నది మూలం చదవకుండా తేల్చలేం, అప్పుడు "ఈ అనువాదంలో నాకు ఇలా తగిలింది" అని రాయడం న్యాయం. పేరు పెట్టి అనువాదకుడి గురించి ఒక్క వాక్యమైనా రాయండి, దయచేసి. వాళ్ళ పేరు కవర్ మీద వెతుక్కోవాల్సి వస్తుంది, కనీసం మన అభిప్రాయంలో అయినా కనబడాలి.

కథల సంపుటాల మీద అభిప్రాయం పాడయ్యేది ముఖ్యంగా వేగం వల్ల. సత్యం శంకరమంచి అమరావతి కథలు వంద, అవి వారపత్రికలో వారానికొకటి చొప్పున వచ్చాయి. అంటే మొదట చదివినవాళ్ళకి ఒక కథకీ ఇంకో కథకీ మధ్య ఏడు రోజుల బతుకు గడిచింది. అవే ఒక్క ఆదివారం కూర్చుని నలభై కథలు చదివితే పదిహేనో కథకల్లా ముగింపు ఎలా వస్తుందో పసిగట్టేస్తాం, 'అన్నీ ఒకేలా ఉన్నాయి' అని రాసేస్తాం. ఒకేలా ఉన్నాయో లేక ఒకేసారి చదివామో ముందు తేల్చుకోవాలి. నేను రోజుకి రెండు కథలే పెట్టుకుంటా, ఒకటి పొద్దున ఒకటి రాత్రి, ప్రతి కథకీ ఒక్క లైన్, అదీ కథేంటో కాదు, కథలో మనసులో నిలిచిన ఒక్క వస్తువో మాటో చప్పుడో. సంపుటి అయిపోయాక ఆ లైన్లు చదువుకుంటే ఏ కథ లైను చూసినా ఏమీ గుర్తు రావట్లేదో ఆ కథ నాకు పట్టలేదని అర్థం. ఇరవై కథల్లో ఐదు గుర్తుంటే అది మంచి సంపుటి అని నా లెక్క, ఎనిమిది గుర్తుంటే నేను ఆ రచయితవి అన్నీ వెతుక్కుని చదువుతా.

సీరియల్‌గా వచ్చిన నవలలకీ ఇదే వర్తిస్తుంది. వారపత్రికల్లో వచ్చిన తెలుగు పాపులర్ నవల పుస్తకంగా చదువుతుంటే ప్రతి పది పన్నెండు పేజీలకీ ఎవరో తలుపు తీయడం, ఎవరో కెవ్వున అరవడం, ఫోన్ మోగడం, చాప్టర్ అయిపోవడం, ఇది చిరాగ్గా ఉంటుంది. ఆ అరుపు వచ్చేవారం పత్రిక కోసం ఎదురుచూసే పాఠకుడికి రాసింది, పుస్తకంలో పేజీ తిప్పేస్తే చాలు కాబట్టి మనకి అది అతిగా కనిపిస్తుంది. అతి అని రాయొద్దనట్లేదు, అది సీరియల్ అని తెలిసి రాయండి అంటున్నా.

ఇప్పుడు 'బాగుంది' అన్న మాటని ఎలా తీసేయాలో దగ్గరగా చూపిస్తా. గురజాడ దిద్దుబాటు తీసుకుందాం, 1910లో వచ్చిన కథ, పావుగంటలో అయిపోతుంది. సానుల పాట వినడానికి వెళ్ళిన గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తాడు, భార్య కమలిని కనబడదు, పుట్టింటికి పోతున్నానని ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది, చివరికి ఆమె మంచం కింద నుంచి నవ్వుతుంది. దీని మీద నా పాత నోటులో ఉన్నది ఇది: 'కథ బాగుంది. భార్య తెలివిగా బుద్ధి చెప్పింది.' ఇందులో తప్పేం లేదు, కానీ కథ చదవనివాళ్ళు కూడా ఎవరో చెప్తే విని ఇదే రాయొచ్చు. మళ్ళీ చదివినప్పుడు నన్ను నేను ఒక ప్రశ్న అడిగా, బాగుంది సరే, ఎక్కడ బాగుంది, వేలు పెట్టి చూపించు. అప్పుడు దొరికింది ఏంటంటే, కథంతా కమలిని గురించే అయినా ఆమె మనకి కనబడదు, ఉత్తరంలో ఆమె అక్షరాలు, ఆఖర్లో మంచం కింద నవ్వు, గాజుల చప్పుడు, అంతే. అంతసేపూ మనం గోపాలరావుతో పాటే చీకట్లో ఉంటాం, అతనికి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు, అందుకే ఆ చప్పుడు వినగానే అతనికెంత ఊరటో మనకీ అంత. అతని తప్పు మీద కోపంగా చదవడం మొదలుపెట్టినవాళ్ళం కూడా చివరికి అతని భయం పంచుకుని బయటికొస్తాం. కొత్త నోటులో ఇది రాసుకున్నా. రెండు నోట్లూ ఆ కథని మెచ్చుకున్నవే, కానీ రెండోదాన్ని ఎవరైనా కాదనొచ్చు, లేదండీ నాకు గోపాలరావు మీద జాలి కలగలేదు అనొచ్చు, అప్పుడు మాట్లాడుకోవడానికి ఏదో ఉంటుంది. ఎవరూ కాదనలేని వాక్యం రాశామంటే మనం ఇంకా ఏమీ చెప్పలేదని గుర్తు.

కాబట్టి ప్రతి 'బాగుంది' పక్కనా ఎక్కడ అని రాసుకోండి, ప్రతి 'బోర్' పక్కనా ఎప్పట్నుంచి అని రాసుకోండి. 'శైలి అద్భుతం' అని రాస్తే ఒక్క వాక్యం చూపించాలి. 'పాత్రలు సజీవం' అని రాస్తే ఆ పాత్ర చేసిన ఒక పని, మనం ఊహించనిది, చెప్పాలి. ఇది అలవాటయ్యే వరకు ఒక్కో పుస్తకానికి అరగంట పడుతుంది, ఆ తర్వాత చదువుతూనే కన్ను వాటిని పట్టేస్తుంది.

కవిత్వం దగ్గర నేనింకా నేర్చుకుంటున్నా కానీ రెండు మాటలు గట్టిగా చెప్పగలను. గొంతెత్తి చదవండి, ప్రతి పద్యమూ కనీసం ఒకసారి, పక్కన ఎవరూ లేనప్పుడైనా సరే, కళ్ళతో చదివి కవిత్వం మీద అభిప్రాయం రాయడం అంటే పాటని నొటేషన్‌లో చూసి చెప్పడం లాంటిది. రెండోది, ముందుమాటలు తర్వాత చదవండి. మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చింది, అందులో ఎక్కువ గేయాలు 1930ల్లో రాసినవి, దానికి చలం రాసిన యోగ్యతాపత్రం ఎంత బలంగా ఉంటుందంటే అది ముందు చదివితే ఆ తర్వాత పుస్తకం గురించి మనం అనుకునేదంతా చలం మాటల్లోనే అనుకుంటాం. నేను మొదటిసారి అలాగే చదివి, నా అభిప్రాయం అనుకుని రాసుకున్నది తర్వాత చూస్తే సగానికి సగం ఆయన అభిప్రాయమే. ముందుమాట గొప్పది అయిన కొద్దీ దాన్ని ఆఖరికి దాచుకోవాలి. అప్పుడు మన నోటు పక్కన పెట్టి చదివితే మనకి కనబడనిది వాళ్ళకేం కనబడిందో తెలుస్తుంది, ఆ ఆనందమే వేరు.

అవార్డుల సంగతీ అంతే. పాలగుమ్మి పద్మరాజు గాలివానకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఈ సంగతి తెలిసి చదివితే ప్రతి పేరా దగ్గరా 'దీనికే ఇచ్చుంటారా' అని వెతుకుతాం. వీలైతే తెలీకుండా చదవండి, తెలిసిపోయి ఉంటే నోటులో ఆ మాట నిజాయితీగా రాసి పెట్టండి, 'ప్రైజ్ వచ్చిందని తెలిసే చదివా' అని.

నాటకం చదివే నెల అయితే పాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసుకుని బుక్‌మార్క్‌గా పెట్టుకోండి, లేకపోతే మొదటి అంకంలోనే వదిలేస్తారు. కన్యాశుల్కం మీద ఎవరితోనైనా వాదన పెట్టుకునే ముందు మాత్రం ఏ కన్యాశుల్కం అని అడగాలి, 1897లో వచ్చిన మొదటిదీ, గురజాడ దాదాపు తిరగరాసి 1909లో తెచ్చిన రెండోదీ ఒకటి కాదు, ఇప్పుడు మనం మామూలుగా చదివేది రెండోది.

ఆత్మకథల దగ్గర నేను చూసుకునే ప్రశ్న ఒకటే, ఇది ఆరోజు జరిగిందా, లేక ఇన్నేళ్ళ తర్వాత ఇలా గుర్తుందా. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి తన ఆత్మకథకి అనుభవాలూ జ్ఞాపకాలూనూ అని పేరు పెట్టడంలోనే ఈ రెండూ వేరని ఉంది అనిపిస్తుంది నాకు. సంస్కృతం చదువుకునే ఇంట్లో పుట్టి, ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేకపోయినా తెలుగు రచన వైపు వచ్చిన మనిషి ఆయన, ఆ లాగులాట అంతా మన పక్కన కూర్చుని చెప్తున్నట్టే చెప్తారు. ఇలాంటివి చదివేటప్పుడు పెన్సిల్‌తో మార్జిన్‌లో రెండు గుర్తులు పెడతా, చూసిన దృశ్యం అనిపిస్తే చుక్క, తర్వాత ఆలోచించి చెప్పిన మాట అనిపిస్తే గీత. పుస్తకం అయ్యాక చుక్కలు ఎక్కువున్నాయా గీతలు ఎక్కువున్నాయా చూస్తే ఆ ఆత్మకథ స్వభావం సగం తెలిసిపోతుంది. అన్నీ గీతలే ఉండి చుక్కలు లేకపోతే అది జీవితం కాదు ఉపన్యాసం, నేను అలాగే రాస్తా. ఇంకోటి కూడా చూడండి, ఎవరి గురించి అసలు మాట్లాడలేదో. భార్య పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి కొన్ని పుస్తకాల్లో, అభిప్రాయం దానంతటదే మారిపోతుంది.

సైన్స్ పుస్తకానికి ముందు అచ్చయిన సంవత్సరం చూడాలి. ప్లూటోని 2006లో గ్రహాల లిస్టు నుంచి తీసేశారు, అంతకు ముందు వచ్చిన ఖగోళం పుస్తకంలో తొమ్మిది గ్రహాలుంటే అది రచయిత తప్పు కాదు. నేను ఇలాంటి పుస్తకాల మీద రాసేది ఒక్కటే, ఈ పుస్తకంలోంచి ఒక విషయం ఎంచుకుని, పుస్తకం చూడకుండా ఒక పదేళ్ళ పిల్లకి అర్థమయ్యేలా చెప్పగలిగానా లేదా. చెప్పగలిగితే పుస్తకం పని చేసినట్టు.

డిటెక్టివ్ అయితే హంతకుడు ఎవరో నేను ఎప్పుడు అనుకున్నానో ఆ పేజీ నంబరు, ఎవరనుకున్నానో ఆ పేరు వెంటనే రాసేస్తా. లేకపోతే చివర్లో 'నాకు ముందే తెలుసు' అనిపిస్తుంది, ప్రతిసారీ అనిపిస్తుంది, నిజంగా తెలిసింది తక్కువసార్లు. నలుగురికీ చెప్పేటప్పుడు మాత్రం మొదటి పావు భాగం దాటి ఒక్క సంఘటన కూడా బయటపెట్టకూడదు అన్నది నా నియమం.

మధ్యలో వదిలేసిన వాటి సంగతి. నాన్సీ పెర్ల్ అని అమెరికాలో పేరున్న లైబ్రేరియన్ ఒక లెక్క చెప్పారు, యాభై ఏళ్ళలోపు వాళ్ళు ఏ పుస్తకానికైనా 50 పేజీలు అవకాశం ఇవ్వాలి, యాభై దాటినవాళ్ళు వందలోంచి తమ వయసు తీసేస్తే ఎంతొస్తుందో అన్ని పేజీలు చాలు అని, అంటే అరవై ఏళ్ళవాళ్ళకి 40 పేజీలు. మంచి లెక్కే, నేను చాలావరకు పాటిస్తా, కానీ వేరే దేశం నవలల అనువాదాలకి ఇంకో 30 పేజీలు కలుపుతా, ఆ పేర్లు నోటికి పట్టడానికే అన్ని పేజీలు పడుతుంది కాబట్టి. వదిలేసినవి కూడా నెల లిస్టులో రాయండి, ఏ పేజీలో వదిలేశారో, ఎందుకో. పూర్తి చేయని పుస్తకం మీద తీర్పు చెప్పొద్దు, '74వ పేజీ దాకా చదివా, ఇక్కడిదాకా నాకు దారి దొరకలేదు' అనొచ్చు. నాలో ఓపిక లేక వదిలేశానా పుస్తకంలో పస లేక వదిలేశానా అన్నది కూడా ఒక మాట. జ్వరంతో ఉన్న వారంలో వదిలేసిన పుస్తకాన్ని నేను రెండోసారి తీయకుండా ఏమీ అనను.

స్టార్లు ఇవ్వడం నాకు నచ్చదు, ఇంత చెప్పాక ఎందుకో తెలిసే ఉంటుంది. 80 పేజీల కవిత్వానికి నాలుగు స్టార్లు, 150 పేజీల డిటెక్టివ్‌కి నాలుగు స్టార్లు అంటే రెండూ సమానమా? ఇవ్వాల్సిందే అనుకుంటే రకానికొకటి వేరే లిస్టు పెట్టుకోండి. దానికన్నా నాకు పనికొచ్చే ప్రశ్నలు మూడున్నాయి, మళ్ళీ చదువుతానా, ఎవరికి ఇస్తాను, ఎవరికి మాత్రం ఇవ్వను. ఆ మూడోది రాయడం కష్టం, అందుకే విలువైనది, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి ఫలానా నవల ఇప్పుడే ఇవ్వకూడదు అని రాసి పెట్టుకున్నవి నా దగ్గర రెండున్నాయి, రెండూ నాకు ప్రాణం.

నచ్చని పుస్తకం మీద రాసేటప్పుడు ముందు ఆ రచయిత ఏం చేయాలనుకున్నారో ఒక వాక్యంలో వాళ్ళు ఒప్పుకునేలా రాయండి, తర్వాత అది ఎక్కడ కుదరలేదో చెప్పండి. ఆ మొదటి వాక్యం రాయలేకపోతున్నామంటే పుస్తకం మనకి ఇంకా అర్థం కాలేదన్నమాట, అప్పుడు ఆగడమే మంచిది. రచయిత గురించి కాకుండా పేజీ గురించి రాయండి. 'ఈయనకి ఆడవాళ్ళ గురించి తెలీదు' అనే బదులు ఏ సీన్‌లో ఏ ఆడమనిషి మాట నమ్మబుద్ధి కాలేదో చెప్తే అది ఆ రచయిత చదివినా ఉపయోగపడుతుంది.

ఇక నెలాఖరున అన్ని చల్ల నోట్లూ ముందేసుకుని ఒక గంట కూర్చోండి. అభిప్రాయం మారితే పాతది కొట్టేయొద్దు, దాని కిందే తేదీ వేసి కొత్తది రాయండి. ఒక నవల మీద నా దగ్గర మూడు తేదీలున్నాయి, మొదటిసారి కొడుకు పక్షాన కోపంగా రాశా, రెండోసారి ఎవరి పక్షమూ తీసుకోలేక సగం వాక్యం దగ్గర ఆపేశా, మూడోసారి పేజీ మొత్తం తండ్రి గురించే ఉంది. నవల అదే కాపీ, పేజీ నంబర్లన్నీ సరిచూశా.